25 నిమిషాల కాపురం

‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ టీవీ సీరియల్ అయిదో సీజన్‌లో ‘ది ఇన్నర్ లైట్’ అనే భాగం 1992 జూన్‌లో అమెరికాలో ప్రసారమైంది. కథ మోర్గన్ జెండెల్‌ది. స్క్రిప్టును ఆయన, పీటర్ ఆలన్ ఫీల్డ్స్ కలిసి రాశారు. మరుసటి ఏడు దానికి హ్యూగో బహుమతి వచ్చింది. 1968 తర్వాత ఒక టీవీ సీరియల్ భాగానికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

అంతరిక్ష నౌక కెప్టెన్ పికార్డ్‌ను ఊరూపేరూ తెలియని ఒక యంత్రం తన కిరణంతో పడగొడుతుంది. కళ్లు తెరిచేసరికి అతను కటాన్ అనే గ్రహంలో, రెసిక్ అనే ఊళ్లో, ఒక ఇంట్లో ఉంటాడు. అతని పేరు కామిన్ అని, ఇనుము నేయడం అతని వృత్తి అని, జ్వరం పడి లేచాడని భార్య ఎలీన్ చెబుతుంది. కొన్నేళ్లు నౌక కోసం ఆకాశం వైపు చూసిన మనిషి మెల్లగా ఆ ఇంటివాడవుతాడు. ఇద్దరు పిల్లలు పుడతారు. భార్య పోతుంది. మనవడు పుడతాడు. ఊరిని మాత్రం కరువు వదలదు, ఎందుకంటే ఆ లోకపు సూర్యుడే చావుకు దగ్గరవుతున్నాడు. వెయ్యేళ్ల కిందటే అంతరించిన ఆ జనం తమ గుర్తుగా ఆ యంత్రాన్ని పంపారని చివర్లో తేలుతుంది. కామిన్‌గా పికార్డ్ బతికింది దాదాపు 40 ఏళ్లు, నౌకలో గడిచింది 25 నిమిషాలు. యంత్రం లోపల ఒక వేణువు దొరుకుతుంది. దాన్ని వాయించడం ఇప్పుడు పికార్డ్ వేళ్లకు వచ్చు.

మొత్తం సీరియల్‌లోని ఉత్తమ భాగాల్లో దీన్ని లెక్కించడం అభిమానులకు పరిపాటి. దీనిపై రెండు అభ్యంతరాలూ ఉన్నాయి. మనిషిని అడగకుండా అతని మీద ఒక జీవితం మోపడం న్యాయమా అన్నది మొదటిది. అంత బతుకు బతికినవాడు మర్నాడే కెప్టెన్ కుర్చీలో ఎలా కూర్చున్నాడన్నది రెండోది. 1993లో వచ్చిన ‘లెసన్స్’ అనే భాగం వేణువును మళ్లీ ముందుకు తెచ్చింది కానీ ఆ లోటును కొంతే పూడ్చింది.

జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలున్న సబ్బినాటికి ఈ కథ కొత్తది కాదు. దాదాపు ఆరు వందల ఏళ్ల కిందట అక్కడి రామగిరిలో కావ్యాలు రాసిన మడికి సింగన యోగవాసిష్ఠాన్ని ‘వాసిష్ఠ రామాయణం’గా తెనిగించాడు. ఆ వాసిష్ఠంలోనిదే లవణ మహారాజు ఉపాఖ్యానం. ఐంద్రజాలికుడు కొలువులో నెమలిపింఛాల కట్ట తిప్పుతాడు. రాజు కొయ్యబారిపోతాడు. ఆ కాసేపట్లోనే అడవిలో ఆకలితో అలమటించి, అన్నం పెట్టిన చండాల కన్యను పెళ్లాడి, బిడ్డల్ని కని, ముసలివాడై, కరువులో కుటుంబం చెదరడం చూసి, చితిలో దూకబోతూ మేలుకుంటాడు. రెండు కథల్లోనూ క్షణంలో ఒక బతుకు గడుస్తుంది, రెండింట్లోనూ కరువు ఉంది. తేడా మేలుకున్న తర్వాత కనిపిస్తుంది. లవణుడు వింధ్యాటవికి వెళ్లి, తన అత్త అక్కడ నిజంగానే ఏడుస్తూ ఉండటం చూస్తాడు. పికార్డ్‌కు వెళ్లడానికి ఊరే లేదు. వాసిష్ఠం ఆ దృశ్యంతో జగత్తు మనస్సృష్టి అని బోధిస్తుంది. టీవీ కథ బోధించదు, వేణువు చేతికిచ్చి ఊరుకుంటుంది. కరుణ విషయంలో టీవీ కథే ఒక మెట్టు పైన ఉంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మనిషికి ఇందులో మొదట తగిలేది జాతి నాశనం కాదు, తొలి రోజుల్లో పికార్డ్‌కు కలిగే ‘ఇది నా ఇల్లు కాదు’ అనే భావన. బతుకుతెరువుకు దుబాయి పోయినవాడు రూములో పడుకుని అనుకునే మాట అది. ఏళ్ల తర్వాత ఇంటికి వచ్చినవాడూ, తన పిల్లలు కొత్త మనిషిని చూసినట్టు చూస్తుంటే, ఒక్కోసారి అదే అనుకుంటాడు. అడగకుండా మోపిన బతుకు అనే అభ్యంతరం ఇక్కడ బలం కోల్పోతుంది. అప్పు, ఎండిన బావి కూడా ఎవరినీ అడిగి దుబాయి పంపవు.

ఈ భాగంలో అసలు లోపం మరొకటి ఉంది. కామిన్ నేతగాడని చెప్పిన కథ, అతను నేస్తుండగా చూపదు. అతని చేతిలో వేణువు, టెలిస్కోపు, ఎండిన మట్టి కనిపిస్తాయి కానీ మగ్గం కనిపించదు. సాంచాల (మరమగ్గాల) చప్పుడు మధ్య పెరిగిన సిరిసిల్ల మనిషికి ఇది చిన్న లోపం కాదు. నలభై ఏళ్లు ఒక పని చేసినవాడి జ్ఞాపకం ముందు చేతుల్లో ఉంటుంది. బీము మీద తెగిన పోగు కనిపించగానే కళ్లకంటే ముందు వేళ్లు కదులుతాయి. వేణువు విషయంలో ఆ సంగతి ఎరిగిన రచయితలు వృత్తి విషయంలో మరిచిపోయారు.

అయినా వారి మూల ఊహ గొప్పది. కటాన్ జనం రికార్డులు పంపలేదు, ఒక కాపురాన్ని పంపారు. నిజాం కాలంలో పట్వారీల లెక్కల పుస్తకాలకు కోరుట్ల చేతి కాగితం వాడేవారు. ఆ పుస్తకాల్లో భూమి విస్తీర్ణం, శిస్తు ఉంటాయి. ఆ కాగితం చేసినవాడు గుజ్జును ఎలా నలగ్గొట్టాడో, సాయంత్రం ఏం పాడుకున్నాడో వాటిలో ఉండదు. ఆ పని ఎరిగిన ఇళ్లలో, మరమగ్గం రాకముందు చేతిమగ్గం నేసిన ఇళ్లలో పెద్దలు ఉంటే, వారి చేతి పనినీ మాటనూ పాటనూ ఈ మూడు ఊళ్ల చదువుకున్న పిల్లలు వారి దగ్గర కూర్చుని ఇప్పుడే నేర్చుకోవాలి, రాసుకోవాలి.