వానలో కొడైకెనాల్ సరస్సు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను ఉద్యోగంలో ఉండగా కొడైకెనాల్ చూద్దామని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ సెలవు దొరికింది నవంబరులోనే. "వానల్లో ఏం చూస్తాం? వేసవిలో వెళ్దాంలే" అన్నాను. ఆ వేసవి రాకుండానే ఆమె కాలం చేసింది.

కిందటేడు నవంబరులో ఒక్కణ్ణే బయలుదేరాను. పిల్లలు వద్దన్నారు. రోజూ రాత్రి ఫోన్ చేస్తానని ఒప్పించాను.

దాదాపు ఏడువేల అడుగుల ఎత్తున, కొండల నడుమ ఉన్న ఆ సరస్సు సహజంగా ఏర్పడింది కాదు. 1863లో మదురై కలెక్టరు లెవింజ్ పూనికతో కట్ట వేసి నిలిపిన నీరది. చుట్టూ సుమారు అయిదు కిలోమీటర్ల బాట. గొడుగు వేసుకుని, మోకాళ్ళు సహకరించినంత మేర నడిచాను. పొగమంచులో నీళ్ళే కనబడలేదు. చినుకుల చప్పుడు మాత్రం వినబడుతోంది. కాసేపటికి వాన తెరిపి ఇచ్చింది. మంచు విడిపోయి సరస్సు కళ్ళ ముందు నిలిచింది. "చూశావా?" అంటూ పక్కకు తిరిగాను. ఎవరూ లేరు.

మిత్రులారా, అప్పుడు అడ్డమైంది వాన కాదు, నా వాయిదాలు. మీ ఇంట్లో ఎవరైనా ఎక్కడికైనా వెళ్దామని అడిగితే ఈ నెల పెన్షను అందగానే టిక్కెట్లు కొనండి. గొడుగులు మాత్రం రెండు పెట్టుకోండి.

సెలవు.