కొండ క్రింది యూరికి ప్రకృతి విజ్ఞానశాల

(తిరుపతిలో నొక పఠనమందిర సభ్యుల యెదుట గావించిన యుపన్యాసము)



మన యూరికి శేషాచలము నీడ కలదు. శేషాచలమును గుఱించిన చదువు లేదు. ఈ మాట కొందఱికి కఠినముగ దోపవచ్చును. కాని విచారింపుడు. దినదినమును వేలకొలది జనులు ఘాటురోడ్డు మీదుగ తిరుమల కేగుచున్నారు. ఆ దారిలో నొకచోట అతిప్రాచీనమగు నల్లఱాతి పునాదిపై కడప శిలల పొరలు పేర్చినట్లు కనబడును. ఆ రెంటికి నడుమ కోట్లాది సంవత్సరముల కాలము లుప్తమై పోయినది. భూగర్భశాస్త్రజ్ఞులు దానిని జాతీయ స్మారకముగ ప్రకటించిరి. బస్సు ఆ మలుపు తిరుగునప్పుడు గోవిందనామము మిన్నుముట్టును. ఆ ఱాతిని జూపి చెప్పువాడు మాత్రము అరుదు.

శిలల మాట యటుండనిండు. దాని నెఱుగకున్నను ప్రాణభయము లేదు. ప్రాణభయము గల సంగతులు చెప్పెదను. 2021 నవంబరున కుంభవృష్టి కురిసి కొండనీ రంతయు నొక్కపెట్టున మనపై బడెను. కపిలతీర్థము పొంగి పొరలెను. అలిపిరి మెట్లదారి యేరై పాఱెను. పట్టణపు వీధులు కాలువలయ్యెను. రాయలచెఱువు కట్టనుండి నీరు కాఱుట జూచి దిగువ గ్రామముల వారిని తరలింపవలసి వచ్చెను. ఆ నీరు క్రొత్తదారిని వెదకికొని రాలేదు. తాతలనాటి తన దారినే వచ్చెను. ఆ దారిపై మన మిండ్లు గట్టికొని యుంటిమి. ఏ వంక యెచట బుట్టి యే చెఱువున జేరునో మన బడిపిల్లలలో నెందఱు చెప్పగలరు? గంగా యమునల జన్మస్థానములు మాత్రము గడగడ వల్లింతురు.

మఱి 2023 ఆగష్టున అలిపిరి కాలిదారిలో నాఱేండ్ల బాలిక చిరుతపులి వాత బడెను. అంతకు రెండు నెలల ముందే మఱియొక చిన్నవానిని చిరుత నోట గఱచికొని పోయి విడిచిపెట్టెను. దేవస్థానమువారు నడకదారి భక్తులకు చేతికఱ్ఱ లిచ్చిరి, పిల్లల నడకకు వేళలు నిర్ణయించిరి, మృగములకు మేత వేయరాదని కట్టడి చేసిరి. ఈ మూడింటిలో చివరిదియే నా దృష్టిలో మొదటిది. మనము దారిలో విడుచు ఫలహారపు మిగులునకు కుక్కలును పందులును జింకలును జేరును. వాని కొఱకు చిరుత వచ్చును. కఱ్ఱ చేత బట్టుకొనుట యొక్క నిమిషపు పని. విస్తరి పాఱవేయు చేతిని మార్చుట యేండ్ల తరబడి బోధింపవలసిన పని. ఆ పనికి మనకు స్థలమేది? మనుష్యు లెవరు?

అలిపిరి ప్రాంతమున 1993 నుండి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రమును, అంతకు ముందే 1987లో వెలసిన శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాలయు నున్నవిగదా యని మీరందురు. ఉన్నవి, ఉండవలసినవే. ఒకటి లోకమున కంతకును సమానమగు ప్రకృతి సూత్రములను జూపును. రెండవది మృగములను జూపును. మన కొండను చదివించుట వాని ముఖ్యోద్దేశము కాదు. 1989లో ఈ యడవి జాతీయోద్యానమైనది. 2010లో శేషాచలము 4,755 చదరపు కిలోమీటర్ల మేర జీవావరణ రక్షితప్రాంతముగ ప్రకటింపబడినది. బిరుదులకు కొదవలేదు. రాత్రివేళ కొమ్మలపై మెల్లమెల్లగ నడయాడు దేవాంగపిల్లిని, ఱాతిసందులలో నుండి బిగ్గఱగ నఱచు బంగారుబల్లిని ఎఱిగిన పట్టణవాసి మాత్రము కనబడడు.

ఇట్టి పనికి నిదర్శనము వెదకుటకు సముద్రములు దాటనక్కఱలేదు. పూర్వపు చిత్తూరు జిల్లాలోని మదనపల్లెకు చేరువనే ఋషివ్యాలీ యున్నది. మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి 1926లో ప్రారంభించిన విద్యాసంస్థ యది. వర్షము తక్కువ, ఱాళ్లు ఎక్కువ, మేకల మేతకును వంటచెఱకునకును బోడియైన గుట్టలు. అచటివారు మొదట భవనము గట్టి దానికి ప్రకృతి కేంద్రమని పేరు పెట్టలేదు. మొక్కలు నాటిరి, వానిని మేతనుండి కాపాడిరి, నీటిని నిలుపు కట్టలు వేసిరి. పొదలు వచ్చినవి, పొదలతో పురుగులు, పురుగులతో పక్షులు వచ్చినవి. 1991లో ఆ లోయ పక్షుల రక్షితస్థానముగ ప్రకటింపబడినది. రంగస్వామి, శ్రీధర్ అను నిరువురు అచటి పక్షులను గుఱించియు వాని నెలవుల పునరుద్ధరణమును గుఱించియు వ్రాసిన గ్రంథము 1993లో వెలువడినది. దక్షిణదేశపు ఱాతిగుట్టలలో దప్ప లోకమున మఱెచ్చటను గానరాని పసుపుగొంతు పికిలిపిట్ట ఆ లోయ వాసియే. ఇంటియొద్దనే యుండి పక్షిశాస్త్ర మభ్యసింప గోరువారికై అచటినుండి పాఠక్రమమును గూడ నడపిరి. చూచినదానిని వ్రాసి యుంచుటచేతనే యిది సాధ్యమైనది. అచట చిట్టాపుస్తకము భవనముకంటె ముందు పుట్టినది.

ఋషివ్యాలీలో చదువువారు చాలవఱకు కలవారి బిడ్డలని యాక్షేపించువారు కలరు. ఆక్షేపణ అసత్యము కాదు. అందుచేతనే ఆ సంస్థ చుట్టుపట్ల పల్లెలలో నెలకొల్పిన చిన్నబడులు నాకు పెద్దబడికంటె ముఖ్యములు. ఒక్క గది, ఒక్క ఉపాధ్యాయుడు, పలుతరగతుల పిల్లలు. పాఠములు చిన్నచిన్న అట్టముక్కలపై తెలుగున వ్రాయబడి యుండును, ఎవని యోపికకు దగినట్లు వాడు ముందుకు సాగును. పల్లెలోని కథలు, పాటలు, చెట్టుచేమలు ఆ పాఠములలో జేరినవి. 2003లో చెన్నపట్టణపు నగరపాలక పాఠశాలల ఉపాధ్యాయులు అచటి కేగి యీ పద్ధతి నేర్చికొనిరి. పిమ్మట నది తమిళనాడంతట వ్యాపించినది. మన రాయలసీమ మూలలో బుట్టిన విద్య పొరుగునాటికి గురుత్వము వహించినది. మన యూరిలో దీనిని దలచువారు లేరు.

కావున తిరుపతికి ప్రకృతి విజ్ఞానశాల కావలయునన్నచో, దాని నిర్వాహమును గుఱించి నా యభిప్రాయము దాచక చెప్పెదను. మన దేశమున నిట్టి సంస్థలు చచ్చు విధము నొకటియే చూచుచున్నాము. ధనమంతయు కట్టడమున కగును. ప్రారంభోత్సవమున దండలు, ఛాయాపటములు. ఏడాది తిరుగునప్పటికి కావలివాడును తాళముచెవియును మిగులును. దీనిని తలక్రిందులు చేయవలయును. మొదట జీతము, పిదప గోడ. ఏడాది పొడుగున పనిచేయు ఇద్దఱు బోధకులకు మూడేండ్ల జీతము చేత నుండనిదే ఇటుక పేర్పరాదు. చందా ఒక్క ధనికునియొద్ద గాని ఒక్క శాఖయొద్ద గాని గైకొనుట మంచిది కాదు; వా రలిగిన నాడు శాల మూతపడును. కొద్దికొద్దిగ పలువురియొద్ద గొనుట మేలు. జమాఖర్చులు నెలనెల గుమ్మమున నంటింపవలయును.

రెండవది: బోధకు లెవరు? పట్టపుచ్చుకొన్నవారు కావలయును, నిజమే. కాని కొండపాదమున మేకలు గాచువాడు, తేనె తీయువాడు, పాముల జాడ నెఱిగిన యానాది, వీ రెఱిగినది పుస్తకముల కింకను ఎక్కలేదు. వీరిని పండుగనాడు పిలిచి శాలువ కప్పి పంపుట నాకు సమ్మతము కాదు. బోధకునితో సమానముగ దినవేతన మీయవలయును, పాలకవర్గమున స్థానమీయవలయును. ఒక పని వద్దనుటకు వారికి హక్కుండవలయును. అడవిని కాపాడుడని వారికి బోధించుటకు మన మెవరము? ఎఱ్ఱచందనము చీనాదేశమున గొప్పవారి యింట కుర్చీలుగ మాఱుచున్నది. ఆ దుంగ వెల యెఱిగిన దళారి పట్టణమున నుండును. దానిని నఱుకు కూలి అడవిలో నుండును. 2015 ఏప్రిల్ 7వ తేదీన శేషాచలమున పోలీసుకాల్పులలో 20 మంది మరణించిరి. వారు తమిళదేశపు పేదకూలీలు. అంతకు ముందు 2013 డిసెంబరున అటవీశాఖ యుద్యోగు లిరువురు దొంగల చేత హతులైరి. ఇరుదెసల చచ్చినవారు చిన్నవారే. ఈ విషయమును దాటవేసి సీతాకోకచిలుకల బొమ్మలు మాత్రము చూపు శాల మనకు వలదు.

పాఠక్రమము ఋతువుల ననుసరింపవలయును గాని పరీక్షల ననుసరింపరాదు. మనకు వానలు ముఖ్యముగ ఐప్పసి కార్తికములవి. అప్పుడు పిల్లలను వంకల వెంబడి నడపింపవలయును, కపిలతీర్థమునుండి స్వర్ణముఖి వఱకు నీరు పోవు దారిని వారే పటము గీయవలయును. ఆ పటమును నగరపాలక సంస్థవారి యెదుట నుంచిన నాడు వినోదము చూడుడు! మాఘము దాటినపిమ్మట ఎండుటాకులకాలము. 2014 మార్చిలో తిరుమల యడవి తగులబడి వైమానికదళపు హెలికాప్టరులచే నీరు చల్లింపవలసి వచ్చినదని మఱవరాదు. అప్పుడు అగ్నిరేఖలు, చుట్టముక్కలు, వంటపొయ్యిలు పాఠములు. ఒక బోధకుని వెంట ఇరువదియైదుగురికి మించి పిల్లలు పోరాదు. ఇన్నూరుమందిని వరుసగ నడపించుట ఊరేగింపగును. బడిపిల్లలకు ముందు బడిపంతుళ్లకు నేర్పవలయును. 1991లోనే సర్వోన్నత న్యాయస్థానము పర్యావరణ విద్య నిర్బంధము కావలయునని యాదేశించినది; అది పాఠ్యపుస్తకమున నొక ప్రకరణమై, పరీక్షలో నొక ప్రశ్నయై నిలిచినది.

పలకలపై వ్రాత తెలుగున నుండవలయును, దానిక్రింద తమిళమున నుండవలయును. మన కాలిదారిని నడచువారిలో తమిళయాత్రికు లనేకులు. లాటిను పేరు చిన్నయక్షరములతో నడుగున నుండిన చాలును. చెట్టునకు పల్లెలో వాడుకనున్న పేరేదో అడిగి తెలిసికొనుట పిల్లల తొలిపాఠము కావచ్చును.

స్థలము, కట్టడము, పేరు, వీనిని గుఱించి పిమ్మట వాదులాడుకొందము. ఈ పఠనమందిరమున నొక బల్ల ఖాళీగ నున్నది. వచ్చు ఆదివారము నుదయము ఆఱుగంటలకు కపిలతీర్థమునొద్ద కూడుదము. నడచి చూచినది యా బల్లపై నుంచిన చిట్టాలో వ్రాయుదము. తోడురావలసినదని కొండపాదమున మేకలు గాచు నొక పెద్దను నేనిదివఱకే యడిగి యున్నాను. ఆయన దినకూలి యెంతయో మీరు నిర్ణయింపుడు. దాని కిప్పుడే యీ పళ్లెరమును త్రిప్పుచున్నాను.