నేల త్రాగు నీరు



మా బాల్యమున మా యూరి చెఱువు గండిపడినది. నాఁటి వాన పెద్దది కాదు. పెద్దలు దైవమును నిందించిరి. అమెరికా జలశాస్త్రజ్ఞుఁడు రాబర్ట్ హార్టన్ వ్యాసములు చదివిన పిమ్మటఁగాని మాకుఁ గారణము తోఁపలేదు.

నీరు పీల్చుకొనుటలో నేలకొక హద్దు గలదనియు, వాన సాగినకొలఁది నా హద్దు తగ్గుననియు, దానిని మించిన నీరే పల్లమునకుఁ బాఱుననియు నీయన 1933లో ప్రతిపాదించెను. నేల త్రాగఁగా మిగిలినదే చెఱువునకని మన రైతు లెఱుఁగనిది కాదు; గంటకిన్ని అంగుళములని కొలిచి చెప్పుట యీయన ఘనత. దట్టమగు నడవులలో నిట్లు జరుగుట యరుదని తరువాతి పరిశోధకులు చూపిరి. మా చెఱువుపై గుట్ట యప్పటికే బోడియై యుండెను!

పిల్లవాఁగులు మొదలు నదులవఱకుఁ దరగతులేర్పఱచిన మహావ్యాసమును హార్టన్ 1945లోఁ బ్రకటించి, యా సంవత్సరముననే గతించెను.