పట్టా పుచ్చుకొని పరదేశమునకు

ఆత్మకూరు ప్రాంతమునుండి ఒక తండ్రిగారు ఈ మధ్య మాకొక ఉత్తరము వ్రాసినారు. కుమారుడు ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో పట్టభద్రుడైనాడు. గల్ఫులో ఇంజనీరు ఉద్యోగము సిద్ధముగా ఉన్నదనియు, ముందు విజిట్ వీసామీద పోవలెననియు ఒక ఏజెంటు చెప్పుచున్నాడట. అతడడిగిన పైకమునకు రెండెకరముల మెట్ట తాకట్టు పెట్టవలసియున్నది. పంపవచ్చునా అని ఆయన ప్రశ్న.

సోమశిల జలాశయము ఆత్మకూరుకు చేరువనే ఉన్నను, ఉదయగిరి మెట్టలకు వానయు బోరుబావియు దిక్కు. అట్టి ఇండ్లలో పిల్లవాడు పట్టా పుచ్చుకొనగానే చూపు సముద్రము దాటుటలో వింత లేదు.

అయితే చాలమంది గమనింపని సంగతి ఒకటి కలదు. పదవ తరగతి గట్టెక్కని శ్రామికుడు గల్ఫు దేశములతో కలిపి 18 దేశములకు పనికై పోవలెనన్న, 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము క్రింద అనుమతి పొందవలెను. అప్పుడు అతని ఒప్పందపత్రమును అధికారులు చూచెదరు. పదవ తరగతి ప్యాసైనవానికి ఈ తనిఖీ లేదు. కావున మన ఇంజనీరు తన ఒప్పందమును తానే చదువుకొనవలెను. నోటితో ఇంజనీరు అని, కాగితముమీద హెల్పరు అని వ్రాయుట కద్దు. విజిట్ వీసా పనిచేయుటకు అనుమతి కానే కాదు. ఏజెంటునకు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషను ఉన్నదో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చును. అట్టి ఏజెంటు పుచ్చుకొనదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే. అంతకు మించి అడిగినచో భూమి కాగితములను పెట్టెలోనే ఉండనిండు.

పట్టాకు కూడ పరీక్ష ఉన్నది. 2018లో కువైటునందు, ఏండ్ల తరబడి పనిచేసిన మన ఇంజనీర్లే తమ చదువునకు నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రిడిటేషన్ గుర్తింపు లేక చిక్కులు పడినారు. ఈ గుర్తింపు కళాశాల మొత్తమునకు కాదు, శాఖకు ఇచ్చెదరు. తాను చదివిన ఏండ్లలో ఎలక్ట్రికల్ శాఖకు అది ఉన్నదా అని విచారించుకొనవలెను.

ఇక పని. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములు, సౌదీలో 60. అందువలననే ఆ గ్రిడ్డును పొరుగు గల్ఫు దేశముల గ్రిడ్డుతో కలుపుటకు అల్ ఫధీలీ వద్ద ఎ.సి.ని డి.సి.గా మార్చి, మరల ఎ.సి. చేయుచున్నారు. సబ్‌స్టేషను గడప తొక్కని కుర్రవానికి ఇట్టిచోట ఏమి పని అప్పగింతురు? నెల్లూరు జిల్లాలోనే నేలటూరు వద్ద 800 మెగావాట్ల యూనిట్లు తిరుగుచున్నవి. 1973లో సవరించిన అప్రెంటిస్ చట్టము క్రింద పట్టభద్రునికి ఒక సంవత్సరము భృతితో శిక్షణ కలదు. భృతి స్వల్పమే. కాని ఆ సంవత్సరపు ధ్రువపత్రమునకు తాకట్టు అక్కరలేదు.

ఆ ఏజెంటు రిజిస్ట్రేషను సంఖ్య అడిగి తెలుపుడని తండ్రిగారికి వ్రాసినాము. జవాబు ఇంకను రాలేదు.