గడువుకు ముందే ఇంటి రుణం తీర్చండి

సమస్త స్తోత్రాలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన సహాయాన్నే మనం అర్థిస్తున్నాము, ఆయన సన్నిధిలోనే క్షమాభిక్ష వేడుకుంటున్నాము. అంతిమ దైవప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులందరిపైనా శాంతి శుభాలు వర్షించుగాక! అమ్మా బాద్.

ధార్మిక సోదరులారా!

మన గోదావరి డెల్టాలో ఎన్నో కుటుంబాలు తాము నివసించే ఇంటి దస్తావేజులను ఇంట్లో చూసుకుని చాలా ఏళ్లయింది. కొందరివి బ్యాంకులో ఉన్నాయి, కొందరివి ఫైనాన్స్ సంస్థలో ఉన్నాయి, మరికొందరివి ప్రామిసరీ నోటుతో పాటు వడ్డీ వ్యాపారి పెట్టెలో ఉన్నాయి. ఒకరు ఇల్లు కట్టుకోవడానికి అప్పు చేశారు. ఒకరు కుమార్తె పెళ్లికి, ఒకరు గల్ఫ్ వీసాకు, ఒకరు చేపల చెరువు లీజుకు ఇల్లు తాకట్టు పెట్టారు. కారణాలు వేరైనా భారం ఒక్కటే. ఈ భారం నుండి త్వరగా బయటపడే మార్గాన్ని గురించి ఈ జుమా నాడు ఆలోచిద్దాము.

మొదట ధర్మాదేశం స్పష్టంగా తెలుసుకోవాలి. వడ్డీ హరాం. అల్ బఖరా సూరాలోని 275 నుండి 279 వరకు గల ఆయతులు దీనిని సందేహానికి తావు లేకుండా ప్రకటిస్తున్నాయి. వడ్డీని విడిచిపెట్టనివారు అల్లాహ్‌తోనూ ఆయన ప్రవక్తతోనూ యుద్ధానికి దిగినట్లేనన్న హెచ్చరిక అక్కడే ఉన్నది. కనుక కొత్తగా వడ్డీ రుణం తీసుకోదలచిన సోదరుడు ఆగిపోవాలి. అయితే ఇప్పటికే అందులో చిక్కుకున్నవారి మాటేమిటి? వారికి తౌబా ద్వారం మూసుకుపోలేదు. తౌబా అంటే చేసిన దానికి పశ్చాత్తాపపడడం, దానిని విడిచిపెట్టడం, మళ్లీ దాని వైపు వెళ్లనని దృఢంగా సంకల్పించడం. రుణగ్రస్తుని విషయంలో విడిచిపెట్టడం నాలుకతో పూర్తి కాదు. శక్తి ఉండి కూడా ఇరవై ఏళ్ల పాటు నెలనెలా తాపీగా వడ్డీ కడుతూ, మరొక వైపు ఇస్తిగ్ఫార్ చదవడం ఎలా పొసగుతుంది? ఎన్ని రోజులు ముందుగా ఆ రుణం తీరితే అన్ని రోజుల వడ్డీ నుండి విముక్తి కలుగుతుంది. ఈ తౌబాకు తస్బీహ్‌తో పాటు లెక్కల పుస్తకం కూడా కావాలి.

దైవప్రవక్త (స) నమాజులో పాపం నుండీ రుణం నుండీ అల్లాహ్ శరణు వేడుకునేవారు. ఇంతగా రుణం నుండి శరణు కోరడం ఎందుకని ఒకరు అడిగితే, అప్పులపాలైన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడనీ, వాగ్దానం చేస్తే తప్పుతాడనీ వివరించారు. అప్పులవాడు వస్తే తండ్రి ఇంట్లో లేడని చెప్పమని పసిబిడ్డకు నేర్పే ఇంటిని తలచుకోండి, ఈ మాటలోని సత్యం బోధపడుతుంది. ఒకసారి ఒక జనాజాను తీసుకువస్తే, మరణించిన వ్యక్తికి అప్పు ఉన్నదని తెలిసి ఆయన స్వయంగా నమాజు చేయించక, సహచరులను చేసుకోమన్నారు. ఆ అప్పు తీర్చే బాధ్యత నాదని హజ్రత్ అబూ ఖతాదా (రజి) ముందుకు వచ్చిన తరువాతనే నమాజు చేయించారు. షహీదుకు సైతం ఇతర పాపాలు మన్నించబడతాయి గానీ రుణం మన్నించబడదని ఆయన తెలిపారు.

అలాగని అప్పుపడ్డవారందరినీ నిందించడం ప్రవక్త విధానం కాదు. ఆయన ఇహలోకాన్ని వీడిన నాటికి ఆయన కవచం మదీనాలోని ఒక యూదుని వద్ద ముప్ఫై సాల యవలకు తాకట్టులో ఉన్నదని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అందులో వడ్డీ లేదు, ఆడంబరం లేదు. ఇంటివారి ఆహారం కోసం పెట్టిన తాకట్టు అది. కాబట్టి అవసరానికి తాకట్టు పెట్టడం అవమానం కాదు. విడిపించుకునే శక్తి ఉండి విడిపించకపోవడమే తప్పు. చెల్లించగలిగినవాడు వాయిదా వేయడం అన్యాయమని ప్రవక్త (స) హెచ్చరించారు.

సోదరులారా! ఇప్పుడు ఒక లెక్క వినండి. 20 లక్షల రూపాయల గృహ రుణం, ఏటా 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుందాము. నెలవాయిదా సుమారు 18,000 రూపాయలు. మొదటి నెలలో అందులో 15,000 వడ్డీకే పోతుంది. అసలులో తగ్గేది సుమారు 3,000 మాత్రమే. గడువు పూర్తయ్యేసరికి చెల్లించిన మొత్తం 43 లక్షలు దాటుతుంది. అదే కుటుంబం మొదటి నుండి నెలకు మరో 3,000 రూపాయలు అసలు కింద అదనంగా కడితే, రుణం 14 ఏళ్లలో తీరిపోతుంది. ఆరేళ్ల బాధా, దాదాపు 8 లక్షల రూపాయల వడ్డీ తప్పుతాయి. ఆ 3,000 అంటే రోజుకు 100 రూపాయలు.

ఆ వంద రూపాయలు ఎక్కడ నుండి వస్తాయి? మన కాలువలను చూడండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యే వరకూ ఇదే గోదావరి మన పొలాల పక్క నుండే సముద్రంలోకి పోయేది. నదిలో నీరు కొత్తగా పుట్టలేదు. నిలిపి, లాకులు పెట్టి, కొలిచి పంచడం వలన డెల్టా పచ్చబడింది. దాళ్వాలో నీరు తగ్గితే వంతులవారీగా ఇస్తారు గానీ, కాలువకు గండి కొట్టనివ్వరు. సంపాదన సంగతీ అంతే. చేతిని మెడకు కట్టివేసుకోవద్దనీ, పూర్తిగా చాచివేయవద్దనీ బనీ ఇస్రాయీల్ సూరా 29వ ఆయతు బోధిస్తున్నది. కరుణామయుని దాసులు దుబారా చేయరు, పిసినారితనమూ చూపరు, మధ్యేమార్గంలో ఉంటారని ఫుర్ఖాన్ సూరా 67వ ఆయతు తెలుపుతున్నది. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) పంట పండిన ఏడేళ్లలో ధాన్యాన్ని వెన్నులోనే నిలవ ఉంచి, కరువు ఏడేళ్లకు సరిపెట్టే మార్గం చూపారు. వరి పండించే మనకు ఈ వృత్తాంతం వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది.

కనుక కొన్ని పనులు ఈ వారమే మొదలుపెట్టండి.

మొదటిది, రాయడం. ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయతు, అల్ బఖరా 282, అప్పును రాసి పెట్టుకోమని ఆదేశించేదే. ఒక నోటు పుస్తకంలో వచ్చిన ప్రతి రూపాయినీ, పోయిన ప్రతి రూపాయినీ రాయండి. అప్పుల జాబితా భార్యకూ, ఎదిగిన పిల్లలకూ తెలియాలి. వారసత్వం పంచుకునే ముందు మృతుని అప్పు తీర్చాలని నిసా సూరా శాసిస్తున్నది. దాచిన అప్పు రేపు వారి నెత్తినే పడుతుంది.

రెండవది, వరుస నిర్ణయించుకోవడం. మన ఊళ్లలో నూటికి రూపాయి, రెండు రూపాయల వడ్డీని ధర్మవడ్డీ అంటారు. ధర్మం అనే మాట తగిలించినంత మాత్రాన హరాం హలాల్ కాదు. అది ఏటికి 12 నుండి 24 శాతం. రోజువారీ, వారంవారీ వసూళ్ల అప్పులు ఇంకా భారమైనవి. ఇంటి వాయిదా తప్పకుండా కడుతూనే, ముందుగా ఇలాంటి అప్పులను వదిలించుకోండి. ఆ తరువాత మిగిలిన బలమంతా ఇంటి రుణంపై పెట్టండి.

మూడవది, ఆదాయ స్వభావాన్ని బట్టి కట్టడం. జీతగాడు జీతం వచ్చిన రోజునే అదనపు మొత్తం పక్కన పెట్టాలి. ఆటో నడిపే సోదరుడు, తాపీ పని చేసే సోదరుడు ఏ రోజుది ఆ రోజు తీసి ఉంచాలి. రైతు సార్వా, దాళ్వా ధాన్యం సొమ్ము చేతికి రాగానే ఒక భాగం అసలుకు జమ చేయాలి. అది అసలు కిందనే జమ కావాలని బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి. మారే వడ్డీ రేటుపై ఉన్న గృహ రుణాన్ని ముందుగా తీర్చినందుకు బ్యాంకులు జరిమానా వేయరాదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే ఆదేశించింది. స్థిర వడ్డీ రుణమైతే షరతులు ముందే అడిగి తెలుసుకోండి.

నాలుగవది, గండ్లు పూడ్చడం. సిగరెట్టుకో గుట్కాకో రోజుకు 50 రూపాయలు పోతే ఏడాదికి 18,250 రూపాయలు. వాయిదాలపై కొన్న కొత్త ఫోను, పక్కింటివారిని చూసి చేసిన నిఖా విందు, కట్నం కోసం చేసిన అప్పు - ఇవే పెద్ద గండ్లు. అయితే జకాత్‌నూ, తల్లిదండ్రుల మందులనూ, పిల్లల చదువునూ, పనివారి కూలినీ కోసి రుణం తీర్చకండి. ఒక హక్కును చంపి మరొక హక్కును చెల్లించడం పొదుపు కాదు.

ఐదవది, కొంత నిలవ. 1986 వరదలనూ, 1996 నవంబరు తుఫానునూ చూసిన ప్రాంతం మనది. రెండు మూడు నెలల ఖర్చుకు సరిపడా చేతిలో లేకుంటే, ఆపద రాగానే మళ్లీ వడ్డీ గుమ్మమే తొక్కవలసి వస్తుంది.

ఇక్కడ రెండు హెచ్చరికలు. భార్య నగలూ, మెహర్ సొమ్మూ ఆమె ఆస్తి. ఆమె సంతోషంగా ఇస్తేనే రుణానికి వాడాలి. అప్పుగా ఇస్తే దానినీ రాసి, తిరిగి చెల్లించాలి. నిష్ఠూరాలాడి తీసుకున్నది హలాల్ కాదు. అలాగే కోనసీమ నుండీ, నరసాపురం పరిసరాల నుండీ ఎందరో తల్లులు, అక్కచెల్లెళ్లు, సోదరులు కువైట్ వంటి దేశాలకు వెళ్లి పరాయి ఇళ్లలో శ్రమించి డబ్బు పంపుతున్నారు. ఇల్లు విడిపించమని పంపిన ఆ సొమ్ము ఇక్కడివారి చేతిలో అమానత్. దానిని విందులకూ మోటారు సైకిళ్లకూ ఖర్చు చేసి, ఆమె తిరిగి వచ్చే రోజును ఇంకో రెండేళ్లు వెనక్కి నెట్టడం ఎంతటి ద్రోహమో ఆలోచించండి.

రుణం పూర్తయిన రోజున నిర్లక్ష్యం వద్దు. మొత్తం చెల్లించిన 30 రోజులలోగా దస్తావేజులు తిరిగి ఇవ్వాలనీ, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలనీ రిజర్వ్ బ్యాంకు 2023లో బ్యాంకులకూ ఫైనాన్స్ సంస్థలకూ ఆదేశమిచ్చింది. కాగితాలు సరిచూసుకుని, ఈసీ తీయించి, తాకట్టు తొలగిందో లేదో తెలుసుకోండి.

అప్పు ఇచ్చిన సోదరులకూ ఒక మాట. మీకు అసలు మాత్రమే హక్కు. బాకీదారు ఇబ్బందుల్లో ఉంటే గడువివ్వమనీ, మాఫీ చేస్తే అది మరింత మేలనీ అల్ బఖరా 280వ ఆయతు చెబుతున్నది. మస్జిదె నబవీలో హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) బాకీ అడుగుతుండగా స్వరాలు పెరిగితే, ప్రవక్త (స) తెర తొలగించి, సగం వదులుకొమ్మని ఆయనకు సైగ చేశారు. ఆయన ఒప్పుకోగానే, లేచి మిగిలినది చెల్లించమని బాకీదారును ఆదేశించారు. ఒకరు తగ్గించారు, ఒకరు వెంటనే తీర్చారు. తగవు అక్కడితో ముగిసింది. మన మొహల్లాలలో ఇటువంటి రాజీలు జరగాలి. తౌబా సూరా 60వ ఆయతులో జకాత్ హక్కుదారులలో రుణగ్రస్తులూ ఉన్నారని మరువకండి. స్తోమత గలవారు ఖర్జె హసనా ఇచ్చి, వడ్డీ ఉచ్చులో ఉన్న ఒక్క కుటుంబాన్నైనా బయటికి తీయండి.

ప్రియ సోదరులారా! పర్వతమంత అప్పు ఉన్నా అల్లాహ్ తీరుస్తాడంటూ, ప్రవక్త (స) తనకు నేర్పిన ప్రార్థనను హజ్రత్ అలీ (రజి) ఒక నిస్సహాయునికి నేర్పారు. హరాం అవసరం లేకుండా హలాల్‌తోనే సరిపెట్టమనీ, ఇతరుల ముందు చేయి చాచనివ్వవద్దనీ కోరే ప్రార్థన అది. తీర్చే ఉద్దేశంతో అప్పు తీసుకున్నవాని తరఫున అల్లాహ్ తీర్చుతాడన్న శుభవార్త కూడా మనకున్నది. ఆ ఉద్దేశానికి మన నోటు పుస్తకమే సాక్ష్యం పలకాలి.

ఓ అల్లాహ్! మా సంపాదనలో బర్కత్ ప్రసాదించు. వడ్డీ చెర నుండి మా ఇళ్లను విడిపించు. దుబారా నుండీ పిసినారితనం నుండీ మమ్మల్ని కాపాడు. పరదేశంలో శ్రమిస్తున్న మా వారిని క్షేమంగా ఇంటికి చేర్చు. ఎవరి బాకీ మెడలో లేకుండా నీ సన్నిధికి చేరే భాగ్యం మాకు అనుగ్రహించు. ఆమీన్.