తగ్గితే నింపడం కాదు, కారేచోటు వెతకాలి
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది పిల్లలు విదేశాలలో స్థిరపడ్డారు. మనం వెళ్ళి నాలుగైదు నెలలు ఉండి వస్తున్నాము. పగలు కొడుకు, కోడలు ఉద్యోగాలకు, మనవలు బడికి పోతే ఇల్లు మన చేతిలోనే ఉంటుంది. ఆ ఇంటి యంత్రాల గురించి నాలుగు ముక్కలు తెలిసి ఉండడం మంచిదని కార్యదర్శి గారు అన్నారు. అందుకని అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో మా అబ్బాయి ఇంట్లో ఉన్న నేలవేడి హీట్ పంపు గురించి చెబుతాను. నేను విద్యుత్ శాఖలో సబ్‌స్టేషన్లలో పనిచేసి రిటైరైన వాణ్ణి కనుక ఆ కళ్ళతోనే దాన్ని చూశాను.

అక్కడ చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 20 డిగ్రీలకు పడిపోవడం మామూలే. కాని నేలలో లోతుకు పోతే ఏడాది పొడవునా సుమారు 8, 10 డిగ్రీల వేడి ఉంటుంది. పుష్యమాసంలో తెల్లవారుజామున మన బావినీళ్ళు గోరువెచ్చగా తగలడం మీకు అనుభవమే గదా! సూత్రం అదే. బోరులో గొట్టాలు దింపి, వాటిలో ద్రవాన్ని తిప్పి, ఆ కొద్దిపాటి వేడిని పైకి తెస్తారు. ఫ్రిజ్ తన లోపలి వేడిని తోడి వెనకవైపు వదిలినట్లే, ఈ యంత్రం నేలలోని వేడిని తోడి ఇంట్లో వదులుతుంది. వేడిని పుట్టించడం కాదు, చోటు మార్చడం. కనుకనే ఒక యూనిట్ కరెంటుకు మూడు, నాలుగు యూనిట్ల వేడి దక్కుతుంది. తరువాత లార్డ్ కెల్విన్‌గా పేరొందిన విలియం థామ్సన్ 1852లోనే ఈ ఆలోచన చెప్పాడు. నేలవేడిని వాడుకొనే పద్ధతికి 1912లో స్విట్జర్లాండ్‌లో హైన్రిష్ జొయెల్లీ పేటెంట్ పొందాడు.

ఈ యంత్రంలో మూడు వలయాలున్నాయి. ఒకటి నేలలో తిరిగే ద్రవం. రెండవది కంప్రెసర్ తిప్పే గ్యాసు. మూడవది ఇంటి గదులకు వేడిని మోసుకుపోయే గాలి లేదా నీరు. మొదటి రెండూ కలిసేచోటు హీట్ ఎక్స్ఛేంజర్. ప్రమాదమంతా అక్కడే. చలికాలంలో ఆ చోట గ్యాసు సున్నా కంటే చల్లబడుతుంది. నేలద్రవం మంచినీరే అయితే అక్కడ గడ్డకట్టి రేకులను పగలగొడుతుంది. నీరు గ్యాసు వలయంలోకి, కంప్రెసర్‌లోకి చేరుతుంది. ఇక యంత్రం మొత్తం పోయినట్లే. అందుకే నీటిలో గడ్డకట్టనివ్వని మందు కలుపుతారు. మా అబ్బాయి ఇంట్లో కలిపింది ప్రొపిలీన్ గ్లైకాల్. నూటికి 25 పాళ్ళు ఉంటే సుమారు మైనస్ 10 డిగ్రీల వరకు ద్రవం గడ్డకట్టదు.

ఇప్పుడు అసలు సంగతి. మా కోడలు ప్రతి ఆదివారం గేజి మీది ఒత్తిడిని ఒక నోటుపుస్తకంలో రాస్తుంది. మన లాగ్‌షీటు వంటిదే. కిందటి ఆకురాలు కాలంలో ఆ అంకెలు వారం వారం తగ్గుతూ వచ్చాయి. సర్వీసుకు వచ్చిన మనిషి "కొంచెం నీళ్ళు పడితే సరిపోతుంది" అన్నాడు. కోడలు పుస్తకం తీసి చూపింది. రెండేళ్ళుగా అలా నీళ్ళు పడుతూనే ఉన్నారు! "ముందు పరీక్ష చేసి చూడండి" అన్నాను. రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న గొట్టం మీద ఒక్క చుక్క ద్రవం వేసి వెలుతురులోకి చూస్తే అది ఏ డిగ్రీ దగ్గర గడ్డకడుతుందో తెలుస్తుంది. మైనస్ 10 ఉండవలసింది మైనస్ 4 చూపింది. నీళ్ళు పట్టిన కొద్దీ మందు పలచబడింది. వెతికితే పంపు పక్కన కీలు దగ్గర తడి కనిపించింది. ఇంకొక చలికాలం గడిచి ఉంటే యంత్రం దక్కేది కాదు.

కొత్తగా బిగించిన మొదటి నెలల్లో ప్లాస్టిక్ గొట్టం సాగి ఒత్తిడి కాస్త తగ్గడం సహజం. చలికీ ఎండకూ కొంచెం మారడమూ సహజమే. కాని ఏళ్ళ తరబడి నింపుతూనే ఉండడం సహజం కాదు.

ఇక ద్రవాన్ని ఖాళీ చేసే విషయం. కారు ఇంజనాయిలు మార్చినట్లు దీన్ని ఏటా వదలనక్కర లేదు. పంపు మార్చవలసి వచ్చినా, ద్రవం చెడినా తప్ప దాని జోలికి పోరాదు. పంపు మార్చేటప్పుడు కూడా మెయిన్ స్విచ్ ఆపి, యంత్రానికి అటూ ఇటూ ఉన్న వాల్వులు మూసి, మధ్యలో ఉన్న కొద్ది లీటర్లు మాత్రమే డబ్బాలోకి పట్టుకుంటారు. బోరులోని గొట్టానికి అడుగున కుళాయి ఉండదు గదా! అక్కడి ద్రవం దానంతట బయటికి రాదు. పెద్ద పంపుతో ఒకవైపు కొత్తది తోస్తే రెండవవైపు పాతది వస్తుంది. అలా తోసేటప్పుడు గొట్టంలో వేగం సెకనుకు కనీసం 0.6 మీటరు ఉండాలి. లేకుంటే గాలిబుడగలు అక్కడే చిక్కి, తరువాత గుడగుడమని చప్పుడు చేస్తాయి, ప్రవాహాన్ని ఆపుతాయి. తీసిన ద్రవాన్ని బావిలోగాని, వానకాలువలోగాని పోయరాదు. కొన్నిచోట్ల ఇథనాల్, మిథనాల్ వాడతారు. అవి మండే ద్రవాలు. మిథనాల్ విషం కూడా. అందుచేత లోపల ఏమున్నదో యంత్రం మీద చీటీ రాసి అంటించాలి.

ఏటా చేయించవలసినవి మూడే. జాలీ తీసి కడగడం, రిఫ్రాక్టోమీటర్ పరీక్ష, ఆమ్లగుణం చూడడం. ద్రవం 7 కంటే దిగువ చూపితే లోహాన్ని తినడం మొదలుపెట్టవచ్చు. గ్యాసు వలయాన్ని సర్టిఫికెట్ ఉన్నవారే విప్పాలని అక్కడి చట్టం. మనం చేయదగినది గేజి చూసి రాయడం, తడి ఉన్నదేమో తడిమి చూడడం, కొత్త చప్పుడు వింటే పిల్లలకు చెప్పడం. వాల్వు మీద మాత్రం చెయ్యి వేయవద్దు.

ఈ యంత్రం మన ఊళ్ళో ఎవరింట్లో ఉంది అనవచ్చు. మన ఫ్రిజ్, ఏసీ దాని తోబుట్టువులే. ప్రతి వేసవికీ "గ్యాసు అయిపోయింది, నింపాలి" అంటూ మన పెన్షన్లోంచి డబ్బు తీసుకుంటున్నారు. గ్యాసు పెట్రోలు వలె ఖర్చయ్యేది కాదు. మూసిన వలయంలో తగ్గిందంటే ఎక్కడో కారిందనే అర్థం. ఈసారి నింపకముందే "కారేచోటు చూపించు, ముందు దాన్ని పూడ్చు" అని అడగండి. చేసిన పని, తేదీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ముప్పై ఏళ్ళు లాగ్‌షీట్లు రాసిన చేతులకు అదేమంత కష్టం?