పిడుదు కాటును తేలికగా తీసుకోకండి
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. కూతురి పురిటికో, మనవడి ఆలనాపాలనకో వెళ్ళి ఆరు నెలలు ఉండి వస్తున్నాం. బి.పి. మాత్రలు, షుగరు మాత్రలు, ఊరగాయలు అన్నీ గుర్తుగా సర్దుకుంటాం. కాని అక్కడి పచ్చికలో పొంచి ఉండే చిన్న పురుగు సంగతి మనకు చెప్పేవారు తక్కువ. అందుకే ఈరోజు లైమ్ వ్యాధి గురించి నాలుగు మాటలు చెబుతాను.

లైమ్ అనేది కనెక్టికట్ రాష్ట్రంలో ఒక ఊరు. 1970 దశకం మధ్యలో ఆ చుట్టుపక్కల చాలామంది పిల్లలకు మోకాళ్ళు వాచాయి. పాలీ ముర్రే అనే తల్లి పట్టువదలకుండా అధికారులకు చెప్పగా, డాక్టర్ అలెన్ స్టీర్ పరిశోధన సాగించారు. 1982లో విల్లీ బర్గ్‌డార్ఫర్ బృందం అసలు సూక్ష్మజీవిని లోకానికి తెలియజేసింది. దానికి ఆయన పేరే పెట్టారు.

మన పశువులకు పట్టే పిడుదుల జాతిదే ఈ పురుగు కూడా. పిల్ల పిడుదు గసగసాల గింజంత ఉంటుంది. కుడితే నొప్పి తెలియదు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, న్యూయార్క్, మసాచుసెట్స్, మిన్నెసోటా, విస్కాన్సిన్ వంటి రాష్ట్రాలలో ఎక్కువ. మే నుంచి జూలై వరకు మరీ జాగ్రత్త. సాధారణంగా అది ఒంటిని పట్టుకుని ఒక రోజుకు పైగా ఉంటేనే వ్యాధి సోకుతుంది. మనిషి నుంచి మనిషికి అంటదు.

గుర్తుపట్టడం ఎలా? కుట్టిన 3 నుంచి 30 రోజులలో ఎర్రటి మచ్చ వచ్చి, రోజురోజుకూ వెడల్పవుతుంది. ఒక్కోసారి మధ్యలో తేరుకుని వలయంలా కనిపిస్తుంది. సాధారణంగా దురద, నొప్పి ఉండవు. నూటికి 70, 80 మందిలో ఈ మచ్చ వస్తుంది. కాని వీపుమీదో, మోకాలి వెనుకో ఉంటే మనకు కనపడదు. దానితోపాటు జ్వరం, ఒళ్ళునొప్పులు, నీరసం ఉండవచ్చు. అశ్రద్ధ చేస్తే మూతి వంకరపోవచ్చు, గుండె లయ తప్పవచ్చు, నెలల తరువాత మోకాలు వాచవచ్చు. మూతి వంకరపోతే పక్షవాతమనీ, మోకాలు వాస్తే ముసలితనమనీ మనం సరిపెట్టుకునే ప్రమాదం ఉంది.

మచ్చ స్పష్టంగా ఉంటే డాక్టరు దానిని చూసే వైద్యం మొదలుపెడతారు. రక్తపరీక్ష రెండు దశలుగా చేస్తారు. మొదటి వారాల్లో అది నెగటివ్ రావచ్చు. అంతమాత్రాన జబ్బు లేదనుకోరాదు. నయమైన తరువాత కూడా ఏళ్ళ తరబడి పాజిటివ్ చూపవచ్చు.

చికిత్స కష్టమైనది కాదు. తొలిదశలో డాక్సీసైక్లిన్ 10 రోజులు, లేదా అమాక్సిసిలిన్ 14 రోజులు ఇస్తారు. కీళ్ళవాపు వస్తే 28 రోజులు. గుండెకు, నరాలకు తీవ్రంగా సోకితే ఇంజెక్షన్లు అవసరం కావచ్చు. ఏ మందైనా డాక్టరు చెప్పినట్టే వాడాలి.

నివారణ మన చేతిలోనే ఉంది. గడ్డిలో, పొదల్లో నడిచేటప్పుడు నిండు దుస్తులు వేసుకుని, పాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకోండి. ఇంటికి రాగానే స్నానం చేసి చంకలు, గజ్జలు, మోకాళ్ళ వెనుక, తలలో చూసుకోండి. పిడుదు కనిపిస్తే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిలువుగా, నిదానంగా లాగండి. వేజలైన్ రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. తరువాత సబ్బుతో కడిగి, తేదీ రాసిపెట్టుకోండి. 72 గంటలలోపు డాక్టరుకు చూపిస్తే, అవసరమైన వారికి ఒకే మోతాదు మందుతో రక్షణ కల్పిస్తారు.

ఒక మనవి. పిల్లలకు ఖర్చవుతుందని మనం జ్వరాన్ని దాచిపెడతాం. ఆ మొహమాటం ఇక్కడ పనికిరాదు. తొలిదశలో మాత్రలతో పోయేదానికి ఆలస్యం చేస్తే ఆసుపత్రి పాలు కావలసివస్తుంది. తిరిగి వచ్చాక జ్వరం వచ్చినా, "నేను అమెరికాలో ఫలానా రాష్ట్రంలో, ఫలానా నెలల్లో ఉన్నాను" అని మన డాక్టరుకు చెప్పండి. చెప్పకపోతే ఆయన మలేరియా, టైఫాయిడ్, డెంగ్యూల గురించే ఆలోచిస్తారు.

ఇక్కడే ఉండేవారు కూడా నిశ్చింతగా ఉండరాదు. పొలాల్లో, పొదల్లో ఉండే నల్లివంటి సూక్ష్మమైన పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు కనిపించవచ్చు. జ్వరం తగ్గకపోతే ఒళ్ళంతా వెతికి చూడమని డాక్టరును అడగండి. దానికీ డాక్సీసైక్లినే ముఖ్యమైన మందు. ఆలస్యమైతే ప్రాణాపాయం.

 మీరంతా ఆయురారోగ్యాలతో వెళ్ళి, మనవలతో ఆడుకుని, క్షేమంగా తిరిగి రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.